సమాంతర తీగల డైరీ: 27కూ 52కూ మధ్య పోయిన మూడు వారాలు

కరెంటు పోతున్న తీగకు ఎడమ పక్క పది సెంటీమీటర్ల దూరంలో అయస్కాంత క్షేత్రం 27 మైక్రోటెస్లా (క్షేత్రాన్ని కొలిచే యూనిట్). కుడి పక్క అంతే దూరంలో 52. తీగ ఒక్కటే, నిట్టనిలువుగా ఉంది. కరెంటూ ఒక్కటే. లెక్క ప్రకారం రెండు పక్కలా 36.8 రావాలి. ఆ తేడా ఎక్కడిదో తెలుసుకుని, మిగతా పని ముగించేసరికి అనంతపురం ఎండల్లో మూడు వారాలు పోయాయి. ఇంటర్ పిల్లలకు ఇదే పాఠం చెప్పే లెక్చరర్లు, ఇంట్లో చేసి చూద్దామనుకునే పిల్లలు నేను పడిన గుంటల్లో పడకూడదని ఇది రాస్తున్నా.

చేయాలనుకున్నవి రెండు. ఒకటి, పక్కపక్కన పోతున్న రెండు తీగల చుట్టూ అయస్కాంత క్షేత్రం ఎక్కడెంత ఉందో కొలవడం. రెండు, ఆ తీగలు ఒకదాన్నొకటి ఎంత బలంతో లాగుతాయో, నెడతాయో త్రాసు మీద తూచడం.

దశ 0: కరెంటు సంగతి (రోజు 1–4)

క్షేత్రం లెక్క కట్టడానికి నేను వాడిన సూత్రం చిన్నది. కరెంటును ఆంపియర్లలో, దూరాన్ని సెంటీమీటర్లలో వేసుకుంటే, 20 × కరెంటు ÷ దూరం. వచ్చేది మైక్రోటెస్లాలు. మా ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లా. పది సెంటీమీటర్ల దూరంలో దానికి సమానంగా కనబడాలంటే 20 ఆంపియర్లు కావాలి. మొబైల్ ఛార్జర్లతో అయ్యే పని కాదు.

ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ ఉంది, 12 వోల్టులు, 150 ఏహెచ్ (ఆంపియర్-గంటలు). దానికి అడ్డంగా ఏదో ఒక నిరోధం పెట్టాలి. మొదట నైక్రోమ్ తీగ చుట్టి చూశా. వేడెక్కే కొద్దీ కరెంటు జారిపోతోంది, పైగా కింద పెట్టిన ప్లైవుడ్ నుంచి పొగ వచ్చింది. కారు హెడ్‌లైట్ బల్బులకు మారా.

1. 55 వాట్ల ఫిలమెంటు బాగున్న పాత బల్బులు నాలుగు, మెకానిక్ దగ్గర. ఒక్కోటి సుమారు 4.6 ఆంపియర్లు తీసుకుంటుంది. నాలుగూ సమాంతరంగా కలిపితే 18.4.
2. బ్యాటరీ ప్లస్ దగ్గరే 30 ఆంపియర్ల ఫ్యూజు. ఇది మానొద్దు. ఇంత పెద్ద బ్యాటరీని పానా షార్ట్ చేస్తే పానా అక్కడే వెల్డింగ్ అయిపోతుంది.
3. కరెంటు కొలవడానికి పాత ఛార్జర్ ప్యానెల్లోంచి తీసిన షంటు (విలువ తెలిసిన చిన్న నిరోధం): 50 ఆంపియర్లకు 75 మిల్లీవోల్టులు. మల్టీమీటర్‌లో 27.6 మిల్లీవోల్టులు కనిపిస్తే 18.4 ఆంపియర్లు అన్నట్టు.
4. స్విచ్చి గోడకు పెట్టే 16 ఆంపియర్లది వాడా. తప్పు.

స్విచ్చి రెండో రోజే అతుక్కుపోయింది. ఆఫ్ చేసినా బల్బులు వెలుగుతూనే ఉన్నాయి. బల్బు వేసిన క్షణంలో ఫిలమెంటు చల్లగా ఉంటుంది, అప్పుడు దాని నిరోధం వెలిగినప్పటి దానిలో పదో వంతుకు దగ్గర్లో ఉంటుంది. అంటే ఆ ఒక్క క్షణం కరెంటు వందల్లోకి పోవచ్చు. ట్రాక్టర్ సామాన్ల అంగట్లో దొరికే బ్యాటరీ కటాఫ్ స్విచ్చి పెట్టాక ఆ బాధ లేదు.

మిగిలిన రెండు రోజులు క్లాంప్ మీటరుతో పోయాయి. బోరు మోటార్లు రీవైండింగ్ చేసే అన్న ఒకాయన ఉన్నాడు, పాత ఊర్లో షాపు. మీటరు ఆయనదే.

"సార్, సున్నా చూపిస్తా ఉంది. కరెంటే రాలేదేమో చూడండి."

"బల్బులు వెలుగుతున్నాయి కదన్నా."

"అయితే మీటరు పోయినట్ల. పొద్దున బోరు కాడ బాగనే చూపించె."

మీటరు పోలేదు. మామూలు క్లాంప్ మీటరు లోపల ఉన్నది చిన్న ట్రాన్స్‌ఫార్మర్. మారే క్షేత్రమే దానికి కనబడుతుంది. బ్యాటరీ కరెంటు మారదు కాబట్టి అది గుడ్డిది. డీసీ కొలవాలంటే లోపల మారని క్షేత్రాన్ని కూడా పసిగట్టే హాల్ సెన్సర్ ఉన్నది కావాలి. అన్నకు ఇది చెబితే, తనకు తెలిసిన ఇంకో సున్నా గురించి చెప్పాడు: కొత్తగా పనిలో చేరిన పిల్లోళ్ళు ఫేజు, న్యూట్రల్ రెండింటినీ కలిపి క్లాంపులో పెట్టి, కరెంటు లేదని రిపోర్ట్ ఇస్తారట. పోయే కరెంటూ వచ్చే కరెంటూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కదా. ఆ మాట అప్పుడు నవ్వుకుని వదిలేశా. నా ప్రయోగం మొత్తానికి జవాబు అందులోనే ఉందని పది రోజుల తర్వాత గాని అర్థం కాలేదు.

ఖర్చు: బల్బులు 240, గోడ స్విచ్చి 90 (వృథా), షంటు 250, ఫ్యూజు 40, కటాఫ్ 180. ఇప్పటిదాకా 800 రూపాయలు.

దశ 1: సెన్సర్ (రోజు 5–8)

ఫోన్‌లో మాగ్నెటోమీటర్ (అయస్కాంత క్షేత్రం కొలిచే చిప్పు) ఉంటుంది, ఫైఫాక్స్ లాంటి యాప్ పెడితే మూడు దిక్కుల అంకెలూ ఇస్తుంది. దానితో మొదలుపెట్టి రెండు రోజులకు వదిలేశా. కారణాలు:

1. చిప్పు ఫోన్ మధ్యలో ఉండదు. అయస్కాంతం రుద్దిన సూదిని ఫోన్ మీద అటూఇటూ జరుపుతూ వెతికితే నా దాంట్లో పై అంచు నుంచి 2.3 సెం.మీ., ఎడమ అంచు నుంచి 1.8 సెం.మీ. దగ్గర తేలింది. అప్పటిదాకా రాసుకున్న దూరాలన్నీ చెత్తబుట్టకే.
2. ఫోన్ తనంతట తానే మధ్యలో క్యాలిబ్రేషన్ మార్చుకుంటుంది. ఒకే చోట ఉంచినా అంకె ఒక్కసారి గెంతుతుంది.
3. ఫోన్ ఏడున్నర సెంటీమీటర్ల వెడల్పు. తీగ దగ్గరికి అదెక్కడ పోతుంది?

జీవై-271 అనే చిన్న మాగ్నెటోమీటర్ బోర్డు, దాని అంకెలు చదవడానికి ఆర్డునో నానో (చిన్న కంప్యూటర్ బోర్డు) నకలు తెప్పించా. బోర్డు మీద హెచ్‌ఎంసీ 5883ఎల్ అని చిప్పు పేరు ముద్ర. ఎంత పిలిచినా పలకలేదు. తీరా చూస్తే లోపల ఉన్నది క్యూఎంసీ 5883ఎల్. పేరులో ఒక్క అక్షరమే తేడా, లోపల అన్నీ తేడా: మొదటిది హెక్సాడెసిమల్ 1ఈ చిరునామాలో ఉంటుంది, రెండోది 0డి లో. రిజిస్టర్ల (చిప్పు తన అంకెలు ఉంచే గళ్ళు) వరుస కూడా వేరు. మీ బోర్డు మాట్లాడకపోతే సోల్డరింగును తిట్టేముందు ఇది చూడండి.

చిరునామా సరిచేశాక మాట్లాడింది, కానీ భూమి క్షేత్రం 440 మైక్రోటెస్లా అంది. మా ఇంటి కింద ఇనప గని లేదు. నెట్‌లో దొరికిన ప్రోగ్రాంలో చదివే పద్ధతి కొత్త చిప్పుది, భాగహారం మాత్రం పాత చిప్పుది. పాతదానికి ఒక గాస్‌కు (100 మైక్రోటెస్లాలు) 1090 మెట్లు, కొత్తదానికి 2 గాస్ రేంజిలో 12,000. సరిగ్గా 11 రెట్లు. భాగహారం మార్చితే 40 చుట్టుపక్కలకు వచ్చింది.

ఆ తర్వాత ఖాయం చేసుకున్న పద్ధతి ఇదీ, చివరిదాకా మార్చలేదు:

1. కరెంటు ఆఫ్. 100 రీడింగుల సగటు.
2. ఆన్. 100 రీడింగుల సగటు. అదే సమయంలో షంటు మీద మిల్లీవోల్టులు.
3. మళ్ళీ ఆఫ్. 100 రీడింగులు.
4. మొదటి, మూడో అంకెల సగటును రెండోదాంట్లోంచి తీసేయాలి. భూమి, బీరువా, స్లాబులోని ఇనుము అన్నీ ఇందులో పోతాయి. రెండు ఆఫ్‌ల మధ్య తేడా 0.5 దాటితే ఆ రీడింగు కొట్టేయాలి.

నాలుగో నియమం మా వీధిలోకి నీళ్ళ ట్యాంకర్ వచ్చిన రోజు పుట్టింది.

ఖర్చు: బోర్డు 180, నానో 300. ఇప్పటిదాకా 1,280.

దశ 2: ఒకే తీగ, రెండు జవాబులు (రోజు 9–12)

రెండు తీగల సంగతి తర్వాత, ముందు ఒక తీగకు పుస్తకం చెప్పినట్టు వస్తుందా చూద్దామని మీటరు ఎత్తు, 40 సెం.మీ. వెడల్పు ఉన్న చెక్క చట్రం కొట్టించా. ఎడమ నిలువు కర్ర వెంట తీగ పైకి పోతుంది. పై కర్ర మీదుగా అడ్డంగా నడిచి, కుడి కర్ర వెంట కిందికి దిగి, బ్యాటరీకి చేరుతుంది. సెన్సరును ఎడమ తీగకు పది సెంటీమీటర్ల దూరంలో, మధ్య ఎత్తులో పెట్టా.

చట్రం బయటి వైపు 27.4. లోపలి వైపు 51.6.

మొదట సెన్సర్ మీద అనుమానం. తిప్పి పెట్టా, గుర్తు మారింది, అంకె మారలేదు. తర్వాత బీరువా మీద. ఇంట్లో వాళ్ళ తిట్లు తింటూ దాన్ని రెండు మీటర్లు జరిపా, అర మైక్రోటెస్లా మారింది. తర్వాత స్కేలు మీద. మూడు రోజులు ఇలాగే.

మా పాప టెన్త్ అయిపోయి ఖాళీగా ఉంది. బొమ్మ గీసి అంకెలు వేసి ఇచ్చా, ఎక్కడ తప్పుందో చెప్పమని. "నాన్నా, కుడి కర్ర మీద కూడా కరెంటు పోతోంది కదా, దాన్నెందుకు లెక్కెయ్యలేదు?" అంది. అది తిరుగు వైరు. నా దృష్టిలో అది బ్యాటరీ దాకా పోయే దారి మాత్రమే. తీగలా కనబడలేదు.

కాగితం మీద లెక్క కడితే:

బయటి వైపు: అసలు తీగ 36.1 ఇస్తుంది (36.8 కాదు, ఎందుకంటే తీగ మీటరే, అనంతం కాదు). 50 సెం.మీ. దూరంలో ఉన్న తిరుగు వైరు 5.2 తగ్గిస్తుంది. పైనా కిందా అడ్డకర్రల మీది ముక్కలు కలిసి ఇంకో 3.8 తగ్గిస్తాయి. మిగిలేది 27.1.

లోపలి వైపు: అదే 36.1కి తిరుగు వైరు 10.5, అడ్డ ముక్కలు 5.2 కలుపుతాయి. 51.8.

కొలిచినవి 27.4, 51.6. అంటే సెన్సర్ మూడు రోజులుగా నిజమే చెబుతోంది. నేనే వినలేదు.

మార్పు: చట్రం తీసేశా. హాల్లో ఫ్యాన్ విప్పి, దాని కొక్కానికి ఒక చెక్క పట్టీ కట్టి, దాన్నుంచి నేలదాకా 2.8 మీటర్ల తీగ వేలాడదీశా. తిరుగు వైరును సీలింగు వెంట రెండు మీటర్లు తీసుకెళ్ళి, గోడ వెంట దించి, నేల మీదుగా వెనక్కి తెచ్చా. దీనికి కావలసిన 6 చదరపు మిల్లీమీటర్ల వైరు 25 మీటర్లు వైండింగ్ అన్న దగ్గర అరువు. "కోయకుండా ఇయ్యల్ల సార్" అన్నాడు.

ఫలితం: ఒక పక్క 33.9, ఇంకో పక్క 40.1. ఇంకా తేడా ఉంది. గది ఎంత పెద్దదైనా తిరుగు వైరు ఎక్కడో ఒకచోట ఉండాల్సిందే. కానీ ఈ దూరంలో అది రెండు పక్కలా దాదాపు ఒకే అంకెను ఒక వైపు కలిపి, ఒక వైపు తీసేస్తుంది. రెంటి సగటు 37.0. ఉండాల్సింది 36.8. ఇక్కడితో ఈ దశ మూసేశా.

ఖర్చు సున్నా. ఇప్పటిదాకా 1,280. ఫ్యాన్ విప్పింది ఏప్రిల్‌లో. ఆ ఖర్చు రూపాయల్లో రాయలేను.

దశ 3: రెండు తీగలు (రోజు 13–16)

రెండు తీగలు, మధ్య 20 సెం.మీ. పై పట్టీకి, కింది పట్టీకి మేకులు కాకుండా ఇత్తడి స్క్రూలు.

ఎదురెదురు కరెంటు సులువు. ఒక తీగలో ఎక్కి రెండో తీగలో దిగుతుంది. ఇక్కడ తిరుగు వైరే రెండో తీగ, వేరే దొంగ లేడు. బ్యాటరీ నుంచి వచ్చే రెండు వైర్లను జడలా మెలివేశా, అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 18.4 ఆంపియర్లకు:

సరిగ్గా మధ్యలో: లెక్క 73.6, కొలత 73.1.
ఒక తీగకు 5 సెం.మీ. దగ్గర, లోపల: లెక్క 98.1, కొలత 97.0.
ఒక తీగకు 10 సెం.మీ. బయట: లెక్క 24.5, కొలత 24.9.
మధ్య నుంచి మీటరు దూరం: లెక్క 0.7, కొలతలో తెలియలేదు. అదే ఒంటి తీగ అయితే అక్కడ 3.7 ఉండాలి.

ఇళ్ళలో వాడే జంట వైరు చుట్టూ క్షేత్రం ఎందుకు కనబడదో ఆ చివరి వరుస చెబుతుంది. జంటలో ఎడం ఎంత తక్కువైతే క్షేత్రం అంత తక్కువ, దూరం రెట్టింపు అయితే నాలుగో వంతు.

ఒకే దిక్కు కరెంటు మాత్రం ఏడిపించింది. సరిగ్గా మధ్యలో సున్నా రావాలి. మొదట రెండు తీగలనూ పైనా కిందా కలిపేసి కరెంటు సగం సగం పంచుకుంటుందనుకున్నా. సున్నా మధ్యలో రాలేదు, మొదటి తీగకు 11.8 సెం.మీ. దూరంలో వచ్చింది. ఒక్కో తీగలో విడిగా కొలిస్తే 10.9, 7.5 ఆంపియర్లు. ఒక స్క్రూ కాస్త వదులు, అంతే. ఇంత లావు తీగల్లో నిరోధం మిల్లీఓమ్‌లలో ఉంటుంది కాబట్టి బిగింపులో రవ్వంత తేడా వచ్చినా కరెంటు అటో ఇటో ఒరుగుతుంది. సున్నా ఎక్కడ రావాలో 10.9 : 7.5 నిష్పత్తిలో వేసి చూస్తే 11.85. ఇది కూడా నిజమే చెప్పిందన్న మాట.

మార్పు: సమాంతరం మానేసి సిరీస్. మొదటి తీగలో ఎక్కి, గోడ వెంట దిగి, రెండో తీగలో మళ్ళీ ఎక్కి, గోడ వెంట దిగాలి. రెండింట్లో కరెంటు తప్పనిసరిగా ఒకటే. దారి పొడవు పెరిగి కరెంటు 17.5కి పడింది, పర్వాలేదు. కానీ రెండు దిగుడు వైర్లనూ ఒకే గోడ మీద వేశా. సున్నా 0.9 సెం.మీ. పక్కకు జరిగింది.

ఈసారి మూడు రోజులు పట్టలేదు, పది నిమిషాల్లో తెలిసింది. ఒక దిగుడును తూర్పు గోడకు, రెండోదాన్ని పడమటి గోడకు మార్చా. తీగలు గది నడిమధ్యలో ఉన్నాయి కాబట్టి రెండు గోడల ప్రభావం మధ్యలో కొట్టేసుకుంటుంది. సున్నా 10.0 దగ్గర, ఒక మిల్లీమీటరు అటూఇటూగా. తీగకు 5 సెం.మీ. లోపల 45.9, తీగకు 10 సెం.మీ. బయట 46.1. ఈ రెండు చోట్లా లెక్క 46.7, యాదృచ్ఛికంగా ఒకటే. నేను రెండుసార్లు లెక్కేసి చూసుకున్నా.

ఇప్పటిదాకా 1,280. ఫ్యాన్ తిరిగి బిగించా.

దశ 4: బలాన్ని తూచడం (రోజు 17–22)

1820లో డేనిష్ శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్ కరెంటు తీగ పక్కన దిక్సూచి ముల్లు కదలడం చూసి రాసిన కొద్ది వారాలకే, అంపియర్ పారిస్‌లో రెండు తీగలను ఎదురెదురుగా పెట్టి, ఒకే దిక్కు కరెంట్లు ఆకర్షించుకుంటాయని, ఎదురు దిక్కువి వికర్షించుకుంటాయని చూపించాడు. 1948 నుంచి 2019 మే దాకా ఆంపియర్‌కు నిర్వచనమే ఇది: మీటరు ఎడంగా ఉన్న రెండు అనంతమైన తీగల మధ్య మీటరు పొడవుకు 2 × 10⁻⁷ న్యూటన్ల బలం కలిగించే కరెంటు. ఇది ఎంత చిన్నదో చెప్పాలంటే, నా 30 సెం.మీ. కడ్డీ మీద ఆ బలం 6 మైక్రోగ్రాముల బరువు. నా త్రాసు చివరి అంకె ఒక మిల్లీగ్రాము. కాబట్టి కరెంటు పెంచాలి, కడ్డీలను మిల్లీమీటర్ల దగ్గరికి తేవాలి.

అమరిక:

1. ఎర్తింగుకు వాడే 8 గేజి రాగి తీగ, 4.06 మి.మీ. మందం. 30 సెం.మీ. ముక్క కింద, 50 సెం.మీ. ముక్క పైన. పైది పొడవుగా ఉంటే చివర్ల తేడా పట్టించుకోనక్కర్లేదు.
2. కింది ముక్క 50 గ్రాముల త్రాసు మీద. మొదట చెక్క దిమ్మెలు పెడితే మొత్తం 56 గ్రాములై త్రాసు ఓవర్‌లోడ్ అంది. చెక్క తీసి థర్మోకోల్ పెట్టా.
3. పై ముక్క విడి స్టాండుకు, సరిగ్గా మీద, ఎదురు దిక్కు కరెంటుతో. వికర్షణ కింది ముక్కను నొక్కుతుంది, త్రాసు అంకె పెరగాలి.
4. రెండూ సిరీస్‌లో, 18.0 ఆంపియర్లు. బ్యాటరీ నీరసించి 17.6కి వస్తే అంకెను కరెంటు వర్గంతో సరిచేయాలి.

ఎంత రావాలి? 0.02045 × కరెంటు వర్గం × (పొడవు ÷ దూరం), మిల్లీగ్రాములలో.

త్రాసు మీది కడ్డీకి కరెంటు ఎలా అందించాలన్నదే అసలు తలనొప్పి. మామూలు వైరు స్ప్రింగులా నెడుతుంది, తాకితే చాలు 300 మిల్లీగ్రాములు మారుతుంది. ఇన్సులేషన్ ఒలిచిన సన్న పోగులు కొంత నయం, కానీ వేడెక్కి వంపు తిరుగుతాయి. వంటింటి ఫాయిలు ఒక పొర, సెంటీమీటరు వెడల్పు ముక్క పెడితే నాలుగో సెకనులో తెల్లగా మెరిసి తెగింది. రెండు సెంటీమీటర్ల వెడల్పు, నాలుగు పొరలు, మధ్యలో వదులుగా ఒక వంపు. ఇది నిలిచింది. చివర్లు ఇత్తడి కనెక్టరులో బిగించాలి, చుట్టి వదిలేస్తే ఫాయిలు పొర మీది ఆక్సైడు కరెంటును ఆపుతుంది. ఫ్యాన్ ఆఫ్, కిటికీలు మూత, తెల్లారి ఐదు గంటలకు. ఆన్ చేసిన ఐదు సెకన్లలో అంకె రాసుకుని ఆఫ్ చేసేయాలి. ఆలస్యమైతే వేడి గాలి లేచి అంకె తేలిపోతుంది.

మొదటి రీడింగు. కడ్డీల మధ్య 4 మి.మీ. ఖాళీ. రావాల్సింది 497. వచ్చింది 241. సగం!

ఇది సిగ్గుపడాల్సిన తప్పు. ఏళ్ళ తరబడి పిల్లలకు "కేంద్రం నుంచి కేంద్రానికి" అని చెప్పి, నేను కొలిచింది అంచు నుంచి అంచుకు. నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ అంటే కేంద్రాల దూరం 8.06. అప్పుడు లెక్క 247.

రెండో రీడింగు. కేంద్రాల దూరం 10.06. లెక్క 198, కొలత 181. ఈసారి నేరుగా బల్ల కిందికి వంగి చూశా. సర్క్యూట్లోని ఒక వైరు త్రాసు కింద, కడ్డీకి సమాంతరంగా, 12 సెం.మీ. లోతులో పడుకుని ఉంది. అదే దొంగ. లెక్కేస్తే అది 17 మిల్లీగ్రాములు పైకి నెడుతోంది. దాన్ని కడ్డీకి అడ్డంగా, దూరంగా లాగేశా. 194.

మూడోది నేను ఊహించలేదు. పై కడ్డీని సర్క్యూట్లోంచి తీసేసి కింది కడ్డీకి మాత్రమే కరెంటు ఇచ్చి చూశా, సున్నా రావాలని. 21 మిల్లీగ్రాములు వచ్చింది. పక్కన తీగే లేదు. అప్పుడు గుర్తొచ్చింది: కడ్డీ తూర్పు పడమరలుగా ఉంది, భూమి క్షేత్రం ఉత్తర దక్షిణాలుగా. 18 ఆంపియర్లు, 30 సెం.మీ., 40 మైక్రోటెస్లా: 22 మిల్లీగ్రాములు. అయస్కాంత మధ్యరేఖ దక్షిణాదికి చేరువగా పోతుంది కాబట్టి మన దగ్గర క్షేత్రం దాదాపు నేలబారుగా ఉంటుంది, నేలబారు క్షేత్రమే తూర్పు పడమర కడ్డీని పైకో కిందికో తోసేది. అంపియర్ కూడా భూమి ప్రభావం పడకుండా తన తీగలను, సూదులను జంటలుగా అమర్చుకున్నాడు. నేను బల్లను తిప్పి కడ్డీని ఉత్తర దక్షిణాలుగా పెట్టా. 21 కాస్తా 1కి దిగింది. పై 181, 194 అంకెలు కూడా తిప్పాక మళ్ళీ తీసినవే. అంతకుముందువి కొట్టేశా. 241ది మాత్రం తప్పే పెద్దది కాబట్టి అలాగే ఉంచా.

తిప్పాక వరుసగా:

6.06 మి.మీ.: లెక్క 328, కొలత 317
8.06: లెక్క 247, కొలత 241
10.06: లెక్క 198, కొలత 194
15.06: లెక్క 132, కొలత 130
20.06: లెక్క 99, కొలత 98

(8.06 దగ్గర మళ్ళీ 241 రావడం చూసి ఉలిక్కిపడ్డా. మొదటిసారి భూమి తోపు, బల్ల కింది వైరు తోపు ఎదురెదురుగా ఉండి కొట్టేసుకున్నట్టున్నాయి. రెండు తప్పులు కలిసి ఒప్పులా కనబడటం అంటే ఇదే.)

అన్నీ తక్కువే. దగ్గరయ్యే కొద్దీ తేడా ఎక్కువ. అంటే దూరంలో ఒక స్థిరమైన పొరపాటు ఉంది. ప్రతి దూరానికీ 0.2 మి.మీ. కలిపి లెక్కేస్తే ఐదు అంకెలూ అతికినట్టు కూర్చున్నాయి. మెకానిక్ దగ్గర ఫీలర్ గేజి (సందు కొలిచే పలచని రేకులు) తెచ్చి కింది కడ్డీ మధ్యలో దూరిస్తే, చుట్టలోంచి తీసిన తీగ కదా, మధ్యలో 0.2 మి.మీ. కిందికి వంగి ఉంది. వైండింగ్ అన్న చూసి, ఒక కొన వైస్‌లో బిగించి, ఇంకో కొన పట్టుకుని గట్టిగా ఒక్క గుంజు గుంజాడు. తర్వాత వంటింటి బండ మీద దొర్లించి చూస్తే వెలుతురు సందు కనబడలేదు.

మళ్ళీ: 6.06 దగ్గర 325, 8.06 దగ్గర 244, 10.06 దగ్గర 196. వీటినుంచి మ్యూ నాట్ (ఈ లెక్కలన్నిటి వెనక ఉండే అయస్కాంత స్థిరాంకం) విలువ 1.245 × 10⁻⁶ వస్తోంది. ఉండాల్సింది 1.257. ఒక శాతానికి తక్కువ తేడా. షంటు మీద 0.5 తరగతి అని ఉంది, అంటే అర శాతం అటూఇటూ. బలంలో కరెంటు వర్గం వస్తుంది కాబట్టి ఆ ఒక శాతం దానికే పోతుంది. దీన్ని ఇంకా గీకే ఓపిక నాకు లేదు.

ఖర్చు: రాగి 420, త్రాసు 1,150, ఇత్తడి కనెక్టర్లు 60, ఫాయిలు రోలు కొత్తది 95 (పాతది చపాతీలకని ఉంచింది, అడగకుండా తీసుకున్నందుకు జరిమానా). మొత్తం 3,005.

దశ 5: షాపులో (రోజు 23)

అన్నకు అంకెలు చూపించా. "ఇంతేనా సార్, పావు గ్రాము?" అన్నాడు. షాపు మూలలో ఒక పాత ప్యానెల్ ఉంది, షార్ట్ అయ్యి వచ్చింది. లోపల బస్‌బార్లను (కరెంటు మోసే లావు లోహపు పట్టీలు) పట్టి ఉంచే సపోర్టుల్లో రెండు పగిలిపోయి ఉన్నాయి, ఒక బారు విల్లులా వంగింది. పది సెంటీమీటర్ల ఎడం. షార్ట్‌లో ఆ క్షణానికి 10,000 ఆంపియర్లు పోయి ఉంటే ఎంత తోపు? షాపు గోడ మీదే సుద్దముక్కతో వేశాం: మీటరుకు 200 న్యూటన్లు, ఇరవై కిలోల బరువు. 20,000 అయితే నాలుగు రెట్లు, ఎనభై కిలోలు. అన్న వంగిన బారు చేతిలోకి తీసుకుని, నా పావు గ్రాము కాగితాన్ని దాని పక్కన పెట్టి కాసేపు చూశాడు.

చాలా 400 కేవీ (నాలుగు లక్షల వోల్టుల) లైన్ల మీద ఒక్కో ఫేజుకు జంట కండక్టర్లు ఉంటాయి కదా, 45 సెం.మీ. ఎడంగా, మధ్యమధ్యలో స్పేసర్లతో (ఎడం చెదరకుండా పట్టి ఉంచే ముక్కలు). అవి ఒకే దిక్కు కరెంట్లు, కాబట్టి దగ్గరికి లాక్కుంటాయి. ఒక్కోదాంట్లో 500 ఆంపియర్లు పోతుంటే మీటరుకు పదకొండు గ్రాములే, రెండు కిలోల కండక్టరుకు అది లెక్కే కాదు. ఫాల్టు వచ్చి ఒక్కోదాంట్లో 20,000 పోతే పద్దెనిమిది కిలోలు. స్పేసరు ఉన్నది ఆ క్షణం కోసం కూడా.

మళ్ళీ చేసేవాళ్ళు మార్చాల్సినవి: ఫోన్‌తో మొదలుపెట్టొద్దు, నేరుగా చిప్పు కొనండి. చట్రం కొట్టించొద్దు, వైరు వేలాడదీయండి. బొమ్మ గీసేటప్పుడు బ్యాటరీ దగ్గర్నుంచి మళ్ళీ బ్యాటరీ దాకా మొత్తం దారి గీయండి. కడ్డీని బిగించే ముందే గుంజి సరిచేయండి.

వైరు తిరిగి ఇచ్చా. అన్న మీటరు కర్రతో కొలిచి 24 మీటర్ల 60 అన్నాడు. ఆ 40 సెంటీమీటర్లు ఫాయిలుకు ముందు సన్న పోగుల కోసం ఒలిచినవి. "కోయకుండా ఇయ్యల్ల అన్యా కదా సార్," అంటూనే ఆ ముక్క ఎక్కడుందో అడిగాడు. రాగి కదా, వదలడు.